వాయిదా కూడా శిక్షే: జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పులను ఉత్తర తెలంగాణ నుంచి చదివితే



గుత్తిలో పుట్టినాయన పేరు మీద కరీంనగర్‌లో స్మారకోపన్యాసం ఎందుకు? అడగదగ్గ ప్రశ్నే. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి 1922 సెప్టెంబర్ 25న అనంతపురం జిల్లా గుత్తిలో పుట్టారు. మద్రాసులో లా చదివి, అక్కడే నల్లకోటు వేసుకున్నారు. నేను ఇవాళ మాట్లాడబోయే తీర్పుల్లో మన ఊళ్ల పేర్లు ఉండవు. ఒకటి తమిళనాడులో ఉరిశిక్ష పడ్డ ఖైదీది. ఒకటి మూతపడబోతున్న కంపెనీలో పనిచేసే కార్మికులది. ఒకటి ఢిల్లీ పోలీసు డ్రైవరుది. ఇంకొకటి కేరళ బడిపిల్లలది. అయినా ఆ తీర్పులను ఢిల్లీలో కూర్చుని చదవడం వేరు, ఉట్నూరులోనో కాగజ్‌నగర్‌లోనో కూర్చుని చదవడం వేరు. నా ప్రయత్నం ఈ రెండోది. ఆయన జీవితచరిత్ర మొత్తం చెప్పను. తేదీలన్నీ వరుసగా చదివితే సర్వీసు రిజిస్టర్ అవుతుంది కానీ ఉపన్యాసం కాదు.

ముందు అప్పీలు జడ్జి అంటే ఎవరో ఒక మాట. కింది కోర్టు జడ్జి సాక్షి ముఖం చూస్తాడు. వాడు తడబడ్డాడా, కళ్లు దించుకున్నాడా, ఎవరివైపు చూసి జవాబు చెప్పాడు అన్నది గమనిస్తాడు. అప్పీలు జడ్జికి ఆ భాగ్యం లేదు. ఆయన ముందుకు వచ్చేది కాగితం. కెరమెరి గుట్టల్లో గోండీలో చెప్పిన మాట తెలుగులోకో ఉర్దూలోకో మారి, అక్కణ్నించి ఇంగ్లీషులోకి వెళ్లి, టైపు అయి, పేపర్‌బుక్కుగా కుట్టుకుని ఆయన బల్ల మీదకు చేరుతుంది. ఆ కాగితంలోంచి మనిషిని మళ్లీ లేపగలిగితేనే ఆయన మంచి అప్పీలు జడ్జి. లేకపోతే చట్టం బాగా తెలిసిన గుమాస్తా.

ఆ కాగితం ఎక్కే మెట్ల గురించి ఇంకో మాట. అమెరికాలో రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. మన రాజ్యాంగం అలా రెండు నిచ్చెనలు వేయలేదు, ఒక్కటే వేసింది. ఆసిఫాబాద్ కోర్టులో మొదలైన తగాదా ఆ ఒక్క నిచ్చెన మీదే మెట్టుమెట్టుగా సుప్రీంకోర్టు దాకా ఎక్కాలి. మనకు ఆ పై మెట్టు వచ్చి కూడా ఎంతో కాలం కాలేదు. బ్రిటిష్ ఇండియాకు 1937లోనే ఢిల్లీలో ఫెడరల్ కోర్టు ఏర్పడింది. నిజాం రాజ్యం దాని పరిధిలో లేదు. మన తాతల కాలంలో ఆఖరి గడప హైదరాబాద్‌లోని జుడీషియల్ కమిటీయే. 1950 జనవరి 26 తర్వాతనే కరీంనగర్ రైతుకైనా, గోండు పటేల్‌కైనా ఢిల్లీ అనేది అప్పీలు చేసుకునే చోటయింది. చేసుకోగలిగిన స్తోమత ఉన్నవాళ్లకు అనుకోండి.

చిన్నపరెడ్డి రాష్ట్ర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా పనిచేశారు. ఈ సంగతి ఆయన అభిమానులు కొందరు గబగబా దాటేస్తారు. దాటేయాల్సింది కాదు. సర్కారు తరఫున శిక్షలు నిలబెట్టడానికి వాదించినవాడికి పోలీసు కేసు ఎలా తయారవుతుందో లోపలి నుంచి తెలుస్తుంది. తర్వాత కాలంలో ఆయన తీర్పుల్లో కనిపించే అనుమానపు చూపు పుస్తకాల్లోంచి వచ్చింది కాదని నా నమ్మకం. 1967లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి అయ్యారు.

ఇక ఎమర్జెన్సీ. 1975 జూన్ 25న మొదలైంది. ఆ ఏడాది డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఇద్దరిని ఉరితీశారు. భూమయ్య, కిష్టాగౌడ్. ఇద్దరూ ఆదిలాబాద్ జిల్లా రైతుకూలీ ఉద్యమం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ప్రాణాలు నిలపడానికి దేశంలో, విదేశాల్లో చాలామంది గొంతెత్తారు. హైదరాబాద్‌లో కె.జి. కన్నబిరాన్ వంటి న్యాయవాదులు కోర్టుల చుట్టూ తిరిగారు. ఉరికి తేదీ పెట్టడం, ఆగడం, మళ్లీ తేదీ పెట్టడం, ఆ మధ్యలో ఖైదీ గోడవైపు చూస్తూ కూర్చోవడం ఈ జిల్లాల్లో ఒక తరానికి బాగా తెలుసు. ఈ ఉరికీ, నేను చెప్పబోయే 1983 తీర్పుకూ సంబంధం కలిపే సాహసం చేయను. కానీ ఆ తీర్పును మంచిర్యాలలోనో లక్సెట్టిపేటలోనో చదివేవాడికి ఆ రెండు పేర్లు గుర్తుకు రాకుండా ఉండవు.

ఎమర్జెన్సీలో నిర్బంధంలో ఉన్నవాళ్లు హెబియస్ కార్పస్ వేసుకోవచ్చునని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ మాటను కొట్టేసింది. ఐదుగురిలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఎదురు నిలబడ్డారు. అదే ఏడాది 16 మంది హైకోర్టు జడ్జీలను వాళ్లను అడగకుండానే వేరే రాష్ట్రాలకు బదిలీ చేశారు. చిన్నపరెడ్డిని హైదరాబాద్ నుంచి పంజాబ్, హర్యానా హైకోర్టుకు, చండీగఢ్‌కు పంపారు. గుజరాత్ నుంచి జస్టిస్ శేఠ్‌ను మన హైకోర్టుకు పంపారు. శేఠ్ దాని మీద కేసు వేసి చరిత్రలో నిలిచారు. చిన్నపరెడ్డి మూటాముల్లె సర్దుకుని వెళ్లి పనిచేశారు. ప్రభుత్వం మారాక 1977లో తిరిగొచ్చారు. ఏది గొప్ప అన్న పోటీ నాకు అక్కర్లేదు. మనిషిని అతని ఊరి నుంచి, అతని భాష నుంచి కాగితం ముక్కతో ఎత్తేయడం ఎలా ఉంటుందో ఆ ఏడాది ఒక జడ్జికి స్వయంగా తెలిసింది.

1978 జులై 17న ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. సరిగ్గా రెండు నెలలైనా కాకముందే సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇక్కడ కూర్చున్న సీనియర్ వకీళ్లలో కొందరి ప్రాక్టీసు ఆ రోజుల్లోనే మొదలై ఉంటుంది. ఒక్కో ఊరి నుంచి పదుల మంది ముద్దాయిలు, ఒక్కో పేషీకి ఒక రోజు కూలి, ఎన్నేళ్లకూ తెగని కేసులు. ఆఖరికి కేసు కొట్టేశారనుకోండి, అప్పటికి ముద్దాయి పడాల్సిన శిక్ష బస్సు చార్జీల రూపంలో, పోయిన కూలి రూపంలో అనుభవించే ఉంటాడు. మన జిల్లాల్లో వాయిదా అంటే అది. చిన్నపరెడ్డిని నేను వెతుక్కుంటూ వెళ్లింది ఈ విషయం కోసమే. న్యాయం ఆలస్యమవుతోందని బాధపడని జడ్జి ఉండడు. ఆలస్యాన్నే శిక్షగా లెక్కగట్టి, ఆ లెక్కకు రాజ్యాంగంలో చోటు చూపిన జడ్జి ఆయన.

ఆ తీర్పు టి.వి. వతీశ్వరన్ కేసు, 1983 ఫిబ్రవరి 16. ఖైదీ జాలిపడదగ్గ మనిషి కాదు. కస్టమ్స్ అధికారులమని చెప్పి జనాన్ని పట్టుకుపోయి, దోచుకుని, చంపిన ముఠాలో ముఖ్యుడు. చిన్నపరెడ్డి తీర్పు మొదట్లోనే ఆ నేరపు ఘోరాన్ని ఏ దాపరికం లేకుండా రాశారు. ఉరిశిక్ష పడటంలో తప్పులేదన్నట్టే మొదలుపెట్టారు. ఇది ఆయన పద్ధతి. కక్షిదారును మంచివాడిగా చూపించి హక్కు ఇవ్వడం తేలిక. చెడ్డవాడికి కూడా ఆ హక్కు ఉందని ఒప్పించడమే కష్టం.

ఆ మనిషికి 1975 జనవరిలో సెషన్స్ కోర్టు ఉరి వేసింది. అప్పటి నుంచి ఎనిమిదేళ్లుగా ఒంటరి గదిలో ఉన్నాడు. చిన్నపరెడ్డి అడిగిన ప్రశ్న ఇదీ: చట్టం ఇతనికి వేసింది మరణశిక్ష. ఎనిమిదేళ్లు ప్రతి తెల్లవారుజామునా చావు కోసం చెవులు రిక్కించి వినమని ఏ చట్టం వేసింది? ఆ రెండో శిక్షను ఏ కోర్టూ విధించలేదు, అయినా అతను అనుభవించాడు. రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రాణం తీసే పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలంటోంది. ఆ న్యాయం తీర్పు చెప్పిన రోజుతో ముగిసిపోదు, ఉరికొయ్య దాకా వెంట నడవాలి. అందుకే ఆయన ఒక అంకె చెప్పారు. ఉరిశిక్ష పడ్డాక దాని అమలు రెండేళ్లు దాటితే, ఖైదీ దాన్ని రద్దు చేయమని కోరవచ్చు. అప్పీళ్లకూ, క్షమాభిక్ష అర్జీకీ పట్టే సమయాన్ని లెక్కలో వేసుకునే ఆ రెండేళ్లు అన్నారు. అప్పీళ్లు వేసి ఖైదీయే ఆలస్యం చేశాడు కదా అన్న వాదనను ఆయన ఒప్పుకోలేదు. ప్రాణం కోసం పెనుగులాడటం మనిషి స్వభావం, దాన్ని అతని ఖాతాలో నేరంగా రాయలేమన్నది ఆయన తర్కం.

ఐదు వారాలు తిరిగాయి, అంతే. మార్చి 24న షేర్‌సింగ్ కేసులో ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నాయకత్వంలో ముగ్గురు జడ్జీల ధర్మాసనం, ఆలస్యం ముఖ్యమే కానీ రెండేళ్లని గీత గీయడం కుదరదంది. చట్టం తెలిసినవాళ్లు దీన్ని మామూలుగా చూస్తారు. వతీశ్వరన్ తీర్పు చెప్పిన ఇద్దరిని ఈ ముగ్గురు మించుతారు, అంతేగా. చిన్నపరెడ్డి దాన్ని మామూలుగా తీసుకోలేదు. జావేద్ అహ్మద్ కేసులో ఆయన ఆ ప్రశ్ననే బల్ల మీద పెట్టారు: సుప్రీంకోర్టు ఇద్దరు కూర్చున్నా సుప్రీంకోర్టే, ముగ్గురు కూర్చున్నా సుప్రీంకోర్టే. ఒక తల ఎక్కువున్నంత మాత్రాన పక్క గదిలో చెప్పిన మాట చెల్లకుండా పోతుందా? ఈ ప్రశ్నలో కొంచెం ఉక్రోషం కూడా ఉందనిపిస్తుంది నాకు. ఉంటే ఉండనీయండి. జావేద్ అహ్మద్‌కు మాత్రం ఉరి తప్పింది.

1988లో త్రివేణీబెన్ కేసులో ఐదుగురు జడ్జీలు రెండేళ్ల సూత్రాన్ని పూర్తిగా తోసిపుచ్చారు. అప్పటికి ఆయన రిటైరై ఏడాది. అక్కడితో కథ అయిపోయిందనుకున్నారు. కానీ ఆలోచన సముద్రం దాటింది. 1993లో జమైకాకు చెందిన ప్రాట్, మోర్గాన్‌ల కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, ఉరి కోసం ఐదేళ్లకు మించి ఎదురుచూడటం అమానుషమైన శిక్ష కిందికే వస్తుందని తేల్చింది. అక్కడ జడ్జీలు మన దేశపు ఈ తీర్పుల వరుసను కూడా పరిశీలించారు. అంకె మారింది, రెండు ఐదయింది. గీత గీయవచ్చునన్న మాట నిలబడింది. మన దగ్గర 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు 15 మంది ఉరిశిక్షలను యావజ్జీవంగా మార్చింది. క్షమాభిక్ష అర్జీల మీద కారణం చెప్పలేని ఆలస్యం ఒక ముఖ్య ఆధారం. అప్పటికి చిన్నపరెడ్డి కన్నుమూసి ఏడాది కూడా నిండలేదు.

నా అభిప్రాయం అడిగితే, రెండేళ్లన్న అంకె బలహీనం. మన కోర్టుల్లో ఉరి కేసు హైకోర్టు, సుప్రీంకోర్టు, రాష్ట్రపతి భవన్ దాటి రావడానికి రెండేళ్లు చాలవని ఆయనకు తెలియకుండా ఉండదు. అంకె పెట్టకపోతే ఎవరూ వినరని పెట్టి ఉంటారు. జడ్జీలు ఆ అంకెతో తగాదా పడుతూ పడుతూ, అంకె వెనకున్న ప్రశ్నను ముప్పై ఏళ్ల తర్వాత ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఈ లెక్కను ఆదిలాబాద్ కొండల్లోకి తీసుకెళ్తాను. అక్కడ ఉరి లేదు, భూమి ఉంది.

1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీమ్ చనిపోయాక, నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. గోండులకు పట్టాలిచ్చే పని ఆ దశాబ్దంలో జరిగింది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నియంత్రణ రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. 1970లో దానికి పదును పెట్టారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని మొదట భావించాలి, కాదని నిరూపించాల్సిన బరువు గిరిజనేతరుడి మీదే ఉంటుంది. గిరిజనేతరులు తమలో తాము కూడా అమ్ముకోకూడదు. కాగితం మీద ఇంతకన్నా గట్టి చట్టం దొరకడం కష్టం.

ఈ చట్టం చెల్లుతుందా లేదా అన్న దాని మీద సుప్రీంకోర్టు ఆఖరి మాట పి. రామిరెడ్డి కేసులో 1988లో వచ్చింది. చెల్లుతుందంది. 1970కీ 1988కీ మధ్య చట్టం నిద్రపోయిందని కాదు. ఆ మధ్యలోనే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి సంతలో భూమి గోడు చెప్పుకోవడానికి సభకొచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. న్యాయశాస్త్ర విద్యార్థులకు నా సలహా: ఈ మూడు ఏళ్లను, 1970, 1981, 1988, ఒకే పేజీ మీద పక్కపక్కన రాసుకుని చూడండి.

ఒక్క భూమి కేసు నడక కూడా చూడండి. ఏజెన్సీలో మొదట స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ వింటాడు. అప్పీలు ఏజెంటు దగ్గరికి, అంటే కలెక్టర్ హోదాలో ఉన్నవాడి దగ్గరికి. ఆ మీద సర్కారుకు రివిజన్. సర్కారు ఆర్డరు మీద హైకోర్టులో రిట్. ఒక జడ్జి చెప్పింది నచ్చకపోతే ఇద్దరి బెంచికి రిట్ అప్పీలు. ఆ పైన ఢిల్లీ. ఒక్కో మెట్టు దగ్గర ఒక స్టే. స్టే ఉన్నన్నాళ్లూ దున్నేది ఎవరు? ఎవడి చేతిలో భూమి ఉందో వాడే. ఒక్కో వాయిదా ఒక పంట. తీర్పు ఆదివాసీ పక్షాన వచ్చేసరికి అవతలివాడు ఇరవై పత్తి పంటలు తీసుకుని ఉంటాడు. కేసు గెలిచిన ఆదివాసీకి ఆ ఇరవై పంటలను ఏ డిక్రీ తిరిగి ఇస్తుంది? ఆలస్యాన్ని శిక్షగా లెక్కగట్టాలన్న చిన్నపరెడ్డి చూపు ఇక్కడికి రాలేదు. 21వ అధికరణం ప్రాణానికే కాక బతుకుతెరువుకూ వర్తిస్తుందని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో ఐదుగురు జడ్జీలు ఒప్పుకున్నారు. వాళ్లలో ఆయనా ఒకరు. ఈ రెండింటినీ కలిపి, భూమి కేసులో గడిచిపోయిన కాలానికి కూడా లెక్క కట్టమని గట్టిగా వాదించాల్సిన పని మన బార్‌దే.

కొన్ని తీర్పులను క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. 1982లో రణధీర్ సింగ్ అనే ఢిల్లీ పోలీసు డ్రైవర్ కానిస్టేబుల్ కేసు. వేరే శాఖల్లో అదే బండి, అదే రోడ్డు, అదే పని, జీతం మాత్రం ఎక్కువ. సమాన పనికి సమాన వేతనం అన్నది ఆదేశిక సూత్రాల్లో ఉండిపోయే మాట కాదని, సమానత్వపు హక్కుతో కలిపి చదవాలని ఆయన రాశారు. మన యూనివర్సిటీ కాంట్రాక్టు లెక్చరర్లు, సింగరేణి కాంట్రాక్టు కార్మికులు ఇవాళ్టికీ అర్జీల్లో పెట్టుకునే వాదనకు మూలం అదే. అది ఇంకా వాళ్ల చేతికి పూర్తిగా అందలేదన్నది వేరే కథ.

1985లో వసంత్‌కుమార్ కేసు రిజర్వేషన్ల మీద. అందులో ఆయన ప్రతిభ అనే మాటను పట్టుకుని, ఎవరి ప్రతిభ, ఏ ఇంట్లో పెరిగిన ప్రతిభ అని అడిగారు. రిటైరయ్యాక కర్ణాటక వెనకబడిన తరగతుల మూడో కమిషన్‌కు అధ్యక్షత వహించి 1990లో నివేదిక ఇచ్చారు. కోర్టులో అడిగిన ప్రశ్నకు ఊళ్లలో తిరిగి జవాబు వెతుక్కునే అవకాశం అందరు జడ్జీలకూ రాదు.

బిజో ఇమాన్యుయేల్ కేసు మీద మాత్రం కాస్త ఆగాలి. కారణం జమ్మికుంట. ఇక్కడికి గంట ప్రయాణం. 2017 ఆగస్టు 15 నుంచి అక్కడ రోజూ ఉదయం మైకుల్లో జాతీయగీతం వినిపిస్తే ఊరంతా ఎక్కడివాళ్లు అక్కడ నిలబడుతున్నారని దేశమంతా రాశారు. నిలబడటంలో ఒక అందం ఉంది, కాదనను. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు కూడా నిలబడ్డారు. బడిలో జాతీయగీతం పాడేటప్పుడు రోజూ మర్యాదగా లేచి నిలుచునేవాళ్లు. పాడేవాళ్లు కాదు, తమ మతవిశ్వాసం ఒప్పుకోదని. వాళ్లను బడిలోంచి తీసేశారు. హైకోర్టు కూడా వాళ్ల మాట వినలేదు. 1986 ఆగస్టులో చిన్నపరెడ్డి వాళ్లను తిరిగి బడిలో చేర్చుకోమన్నారు. ఆయన వేసుకున్న ప్రశ్న చాలా చిన్నది: పాడితీరాలని ఏ చట్టంలో ఉంది? విద్యాశాఖ సర్క్యులర్ చట్టం కాదు. చట్టం లేనప్పుడు మాట్లాడే స్వేచ్ఛలో మౌనంగా ఉండే స్వేచ్ఛ కూడా కలిసే ఉంది. 2016లో సినిమా హాళ్లలో గీతం తప్పనిసరి అని సుప్రీంకోర్టు ఆదేశించింది, 2018లో తానే సడలించుకుంది. ఆ రెండేళ్ల గొడవలో చాలామంది మళ్లీ తెరిచింది ఈ 1986 తీర్పునే. జమ్మికుంటలో నిలబడని మనిషి ఒకరు ఉంటే, ఆ మనిషికీ ఆ తీర్పే దిక్కు.

ఇక ఆయనతో నాకు పేచీ ఉన్న చోటు. ఆయన సోషలిస్టు, దాన్ని ఎక్కడా దాచుకోలేదు. 1982 డిసెంబర్ నాటి సంజీవ్ కోక్ తీర్పులో బొగ్గు జాతీయీకరణను సమర్థిస్తూ, రాజ్యాంగ సవరణకు హద్దు గీసిన మినర్వా మిల్స్ తీర్పు మీద కూడా అసంతృప్తి రాశారు. సర్కారు చేతిలోకి వచ్చిన ఆస్తి జనం చేతిలోకి వచ్చినట్టేనన్న నమ్మకం ఆ వాక్యాల్లో ఉంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి తెలిసినవాళ్లం మనం. సింగరేణిలో ఎక్కువ వాటా 1945లో నిజాం సర్కారు కొన్నప్పటి నుంచీ అది ప్రభుత్వ సంస్థే. గని ప్రైవేటుది కాకపోవడం వల్ల కార్మికుడికి వచ్చిన లాభాలు తక్కువేమీ కాదు. కానీ ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయిన రైతుకు యజమాని సర్కారైనా షావుకారైనా ఊరు పోవడం ఒకటే. సర్కారు కూడా ఒక కక్షిదారే, దాన్నీ ఖైదీని అనుమానించినంత అనుమానించాలి అన్న ఆయన చూపు, పోలీసుల దగ్గర ఉన్నంత పదునుగా, ఆస్తి విషయంలో లేదు. 1987లో కలకత్తా జూ పక్క స్థలాన్ని హోటల్‌కు ఇచ్చిన కేసులోనూ అంతే. తీర్పు మొదట్లో ప్రకృతి గురించి చాలా బాగా రాశారు, చివరికి ప్రభుత్వం అన్నీ ఆలోచించే చేసిందని వదిలేశారు.

1987 సెప్టెంబర్‌లో ఆయన రిటైరయ్యారు. 2008లో సుప్రీంకోర్టు మీద పుస్తకం రాశారు. దాని ఉపశీర్షికలో శిఖరాలూ ఉన్నాయి, లోతు లేని చోట్లూ ఉన్నాయి. పదవి దిగినవాళ్లు తమ కోర్టు గురించి శిఖరాలే రాస్తారు మామూలుగా. 2013లో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఆఖరున, కాగజ్‌నగర్ మిత్రుల కోసం దాచుకున్న విషయం. నేషనల్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ కేసు, 1982 డిసెంబర్. ఒక కంపెనీని మూసేయాలని కోర్టులో పిటిషన్ పడింది. మా మాట కూడా వినండని కార్మికులు వచ్చారు. 1956 కంపెనీల చట్టంలో మూసివేత పిటిషన్ ఎవరు వేయవచ్చో వరుసగా ఉంది: కంపెనీ, అప్పిచ్చినవాళ్లు, వాటాదార్లు, రిజిస్ట్రార్. కార్మికుడి పేరు లేదు. పేరు లేనివాడు కోర్టులో నిలబడవచ్చా? ఐదుగురిలో ముగ్గురు నిలబడవచ్చన్నారు: జస్టిస్ భగవతి, చిన్నపరెడ్డి, బహరుల్ ఇస్లాం. డబ్బు పెట్టినవాడికి కంపెనీ పోతే డబ్బు పోతుంది, ఒళ్లు పెట్టినవాడికి బతుకు పోతుంది, అలాంటివాడిని బయట నిలబెట్టి మూసివేత మాట్లాడటం న్యాయం కాదన్నది ఆ ముగ్గురి మాట సారం. మూసివేతలో కార్మికుల బకాయిలు తాకట్టు బాకీలతో సమానంగా నిలబడాలని 1985లో పార్లమెంటు చట్టంలో చేర్చింది.

దాదాపు అదే కాలంలో కాగజ్‌నగర్‌లో సర్‌సిల్క్ మూతపడింది. బకాయిల కోసం కార్మికులు హైకోర్టు చుట్టూ ఎన్నేళ్లు తిరిగారో ఈ హాల్లో ఉన్న కొందరికి నాకన్నా బాగా తెలుసు. వాళ్లకు కోర్టులో మాట్లాడే హక్కుంది. రావాల్సిన డబ్బు ఉందని ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. లేనిది సమయం. ఎదురుచూసినవాళ్లలో చాలామంది చేతికి డబ్బు చూడకుండానే పోయారు.

1938లో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయింది. 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లి మళ్లీ పొగ వచ్చింది, సంతోషం. అది వచ్చిన దారి మాత్రం కొత్తది, 2016 నాటి దివాలా కోడ్. అందులో కంపెనీ భవిష్యత్తు తేల్చేది రుణదాతల కమిటీ. అప్పులిచ్చిన బ్యాంకుల వంటి ఆర్థిక రుణదాతలే అందులో సభ్యులు, ఓటు వాళ్లదే. కార్మికుడు సరుకు అమ్మిన వ్యాపారితో కలిపి ఆపరేషనల్ రుణదాత అనే వరుసలో ఉంటాడు. ఆ వరుసకు రావాల్సిన మొత్తం, కంపెనీ అప్పులో 10 శాతానికి తగ్గకుండా ఉంటే ఒక ప్రతినిధి వచ్చి కూర్చోవచ్చు. ఓటు లేదు. కంపెనీ అమ్ముడుపోక విడగొట్టే దాకా వస్తే, చివరి 24 నెలల బకాయికి తాకట్టు బాకీతో సమానమైన చోటు ఉంది. అంతకు ముందుదంతా కింది వరుసలోకి పోతుంది. అంటే జీతం ఇవ్వకుండా ఎంత ఎక్కువ కాలం సాగదీస్తే, కార్మికుడి బాకీలో అంత ఎక్కువ భాగం కిందికి జారుతుంది. ఆలస్యానికి చట్టం మళ్లీ ఒక ధర కట్టింది, ఆ ధర ఆలస్యం చేసినవాడు కాక ఎదురుచూసినవాడే కట్టాలి.

ఈ ఏర్పాటు సబబేనా అన్న ప్రశ్నను ఉత్తర తెలంగాణ నుంచి ఎవరైనా కోర్టు ముందు పెట్టదలిస్తే, పిటిషన్ మొదటి పేజీలో ఉదహరించాల్సింది ఈ కార్మికుల 1982 తీర్పు. రెండో పేజీలో 1983 తీర్పు ఎందుకు ఉండాలో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.